డబ్బా వెనక్కి తిప్పి చూడండి

శ్రోతలకు నమస్కారం.

బీపీ గురించి చెబుతారు, మోకాళ్ల నొప్పుల గురించి చెబుతారు, రాత్రి నిద్ర పట్టడం లేదని చెబుతారు. మందుల చీటీ తీసుకుని కుర్చీలోంచి లేస్తారు. తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, అక్కడ ఆగుతారు. "ఇంకొక్క మాట డాక్టరుగారూ" అంటారు. స్త్రీల వైద్యురాలిగా ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, తలుపు దగ్గర ఆగి చెప్పే ఆ ఒక్క మాట కోసమే చాలామంది ఆ రోజు వచ్చి ఉంటారు.

ఈ రోజు ఆ మాట గురించే మాట్లాడతాను. నెలసరి ఆగిపోయాక యోని పొడిబారడం, దానివల్ల కలయికలో మంట, నొప్పి. రేడియో గొంతు తగ్గించనక్కర్లేదు. ఇంట్లో మగవాళ్లుంటే వాళ్లూ వింటే మంచిది.

ఒకావిడ సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. వయసు 53. నెలసరి ఆగి మూడేళ్లయింది. ఆవిడా తలుపు దగ్గర ఆగిన మనిషే. వెనక్కి వచ్చి కూర్చోమన్నాను. కూర్చుని, హ్యాండ్‌బ్యాగులోంచి రుమాల్లో చుట్టిన చిన్న ట్యూబు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది రాసుకుంటే బాగుంటుందన్నారండీ. రాసుకున్న కాసేపూ జారుడుగానే ఉంటుంది. ఆ తర్వాత మంట మొదలవుతుంది. మర్నాటికి ముందుకంటే ఎక్కువ పొడిగా అనిపిస్తుంది. అందరికీ సరిపోయింది నాకెందుకు సరిపోలేదు? నాలోనే ఏదైనా తేడా ఉందా?" అని అడిగారు. ఆ చివరి మాట అడిగేటప్పుడు ట్యూబు వంకే చూస్తున్నారు, నా వంక చూడలేదు.

ట్యూబు చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు గులాబీ రంగు పూలబొమ్మ. వెనక్కి తిప్పాను. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. కళ్లద్దాలు సర్దుకుని చదివాను. మొదటిది నీరు. రెండోది గ్లిజరిన్. మూడోది ప్రొపిలీన్ గ్లైకాల్. ఆ కింద సువాసన కోసం కలిపినవి, వెచ్చగా తగలడం కోసం కలిపినవి. "మీలో తేడా ఏమీ లేదమ్మా" అని చెప్పి, ట్యూబు ఆవిడ వైపు తిప్పి, రెండో పేరు మీద వేలు పెట్టి చూపించాను.

ఈ భాగం నిదానంగా చెబుతాను. ఇవాళ్టి ప్రసంగంలో ఇదొక్కటి గుర్తున్నా చాలు.

సముద్రంలో దిగినప్పుడు ఆ నీళ్లు కంట్లో పడితే ఏమవుతుంది? భగ్గున మండుతుంది. మన కన్నీళ్లు మాత్రం రోజంతా కంట్లోనే ఉన్నా మండవు. రెండూ నీళ్లే, రెండూ ఉప్పగానే ఉంటాయి. కాకపోతే ఆ ఉప్పు ఎంతుందన్నది వేరు. మన ఒంటి కణాల్లోని నీటిలో లవణాలూ మరికొన్ని పదార్థాలూ ఒక పాళ్లలో కరిగి ఉంటాయి. బయటి నుంచి తగిలే ద్రవంలో అవి అంతకంటే బాగా ఎక్కువ ఉంటే, ఆ ద్రవం కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. ఈ లాగే గుణానికి ఒక కొలత ఉంది. ఆస్మొలాలిటీ అంటారు. యూనిట్ల పేరు వదిలేద్దాం, అంకెలు చూడండి. మన రక్తానిది దాదాపు 290. సముద్రపు నీటిది దాదాపు 1000. ఆవిడ ట్యూబులాంటివాటిని, అంటే కలయికలో జారుడు కోసం రాసుకునేవాటిని లూబ్రికెంట్లు అంటారు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ బాగా ఎక్కువగా కలిపిన కొన్ని లూబ్రికెంట్లది నాలుగైదు వేలు కూడా దాటుతుంది.

సముద్రపు నీటికి నాలుగైదు రెట్లు! ఆ జెల్ జారుడుగానే ఉంటుంది, నిజమే. జారుడుగా ఉంటూనే, అసలే పొడిగా ఉన్న చోట మిగిలిన కాస్త తడినీ పీల్చేసుకుంటుంది. అందుకే ఆవిడకు కాసేపు సుఖం, తర్వాత మంట, మర్నాడు ఇంకా పొడి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో కండోములతో వాడే లూబ్రికెంట్ల గురించి ఒక సలహాపత్రం ఇచ్చింది. ఈ కొలత 380 లోపు ఉంటే మేలని, అలాంటివి దొరకడం కష్టం కాబట్టి ప్రస్తుతానికి 1200 దాటనివైనా ఎంచుకోవాలని అందులో ఉంది. యోనికి వాడే జెల్ పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలత, 4.5 దగ్గర ఉంటే మంచిదనీ చెప్పింది. ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. కొన్ని డబ్బాల మీద ఈ రెండు అంకెలూ వేస్తారు. చాలా డబ్బాల మీద వేయరు. వేయనప్పుడు పదార్థాల పట్టీ చదవండి. సాధారణంగా ఎక్కువ కలిపిన పదార్థం పేరే ముందు వేస్తారు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ నీటి తర్వాత వెంటనే కనిపిస్తే అది పక్కన పెట్టేయండి. గ్లిజరిన్ పేరును కొన్నిటి మీద గ్లిజరాల్ అని రాస్తారు, రెండూ ఒకటే. డబ్బా వెనక్కి తిప్పి చూడండి. ఈ మాట ఇంకో రెండు మూడుసార్లు చెబుతాను, ఏమీ అనుకోకండి.

అసలు పొడిబారడం ఎందుకొస్తుందో క్లుప్తంగా చెప్పేస్తాను. అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారు చేయడం తగ్గించేస్తాయి. యోని లోపలి పొర దళసరిగా, సాగేలా ఉండటానికి కావలసింది ఆ హార్మోనే. అది తగ్గాక పొర పలచబడుతుంది, రక్తప్రసారం తగ్గుతుంది, ఊరే తడి తగ్గుతుంది. అక్కడ కాపలా కాసే లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా కూడా తగ్గిపోతుంది. దాంతో అంతకుముందు 3.8 నుంచి 4.5 మధ్య ఉండే పీహెచ్ 5 దాటుతుంది. మూత్రం మంట, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపించడం, ఇన్‌ఫెక్షన్లు తిరిగి తిరిగి రావడం కూడా దీని వెంటే వస్తాయి. నెలసరి ఆగిన ఆడవాళ్లలో సుమారు సగం మందికి ఈ ఇబ్బంది ఏదో ఒక మోతాదులో ఉంటుంది. ఒంట్లో వేడి ఆవిర్లు కొన్నేళ్లకు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఇది అలా తగ్గదు, పట్టించుకోకపోతే పెరుగుతుంది. "వయసైపోయింది కదా, ఓర్చుకుందాం" అని ఊరుకోవద్దని నేను బతిమాలుతున్నది అందుకే.

ఇక ఏది కొనాలి? లూబ్రికెంట్లు మూడు రకాలు.

నీటితో చేసినవి ఎక్కువ దొరుకుతాయి. కండోముతో వాడొచ్చు, కడిగితే పోతాయి. తొందరగా ఆరిపోతాయి, అదొక చిక్కు. మధ్యలో ఆరిపోతే రెండు చుక్కల నీళ్లు తగిలించండి, మళ్లీ జారుతుంది. ఇప్పటిదాకా నేను చెప్పిన అంకెలన్నీ ఈ రకానికే వర్తిస్తాయి.

రెండోది సిలికోన్. ఇందులో నీరు ఉండదు కాబట్టి పీహెచ్, ఆస్మొలాలిటీ లెక్కలతో పని లేదు. కణాల తడిని లాగదు, ఎక్కువసేపు ఉంటుంది, కొద్దిగా చాలు, కండోముకు హాని లేదు. పొడి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు, ఏ జెల్ రాసినా మండేవాళ్లకు నేను ముందు ఇదే చెబుతాను. దుప్పటి మీద మరక పడుతుంది, తువ్వాలు వేసుకుంటే సరి. సిలికోన్‌తోనే చేసిన పరికరాలు వాడుతుంటే మాత్రం వాటి మీద దీన్ని రాయకండి, పాడవుతాయి.

మూడోది నూనె. కొబ్బరినూనె లాంటిది రాసుకుని హాయిగా ఉందని చెప్పేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లను కాదనను. కాకపోతే నూనె రబ్బరును, అంటే లేటెక్స్ కండోమును నిమిషాల్లో బలహీనం చేసేస్తుంది. నూనె వాడితే లేటెక్స్ కండోము వద్దు, కండోము కావాలంటే నూనె వద్దు. ఆఖరి నెలసరి తర్వాత, 50 దాటినవాళ్లు ఇంకో ఏడాది, 50 లోపువాళ్లు రెండేళ్లు గర్భం రాకుండా జాగ్రత్తపడాలని మేం చెబుతాం. ఈ వయసులో ఇక కండోముతో పనేముందిలే అనుకుని మానేస్తే టెన్షన్ పడాల్సి వస్తుంది. పెట్రోలియం జెల్లీ మాత్రం లోపలికి రాయకండి. అలా రాసుకునేవాళ్లలో యోని ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి.

సువాసనవి, రుచివి, వెచ్చగానో చల్లగానో తగిలేవి అసలు వద్దు. వీర్యకణాలను చంపే మందు కలిపినవీ వద్దు. పలచబడిన చర్మం వాటిని తట్టుకోలేదు. సబ్బుతో లోపల కడగడం కూడా మానేయండి. పైపైన మామూలు నీళ్లు చాలు.

ఏది కొన్నా మొదటిసారి కలయికప్పుడే వాడొద్దు. ఏ పనీ లేని రోజున కొద్దిగా వేలికి తీసుకుని యోని ద్వారం దగ్గర రాసుకోండి. ఒక రోజు ఆగండి. మంట, దురద లేకపోతే అప్పుడు వాడండి. నేను చెప్పే అన్ని పరీక్షల్లోకీ చవకైనదీ తేలికైనదీ ఇదే. వాడేటప్పుడు పిసినారితనం వద్దు. ఇద్దరూ రాసుకోవాలి. నొప్పి మొదలయ్యాక రాయడం కాదు, ముందే రాయాలి. ఒకసారి నొప్పి పుట్టిందంటే ఆ కండరాలకు అది గుర్తుండిపోతుంది. మళ్లీసారి దగ్గరయ్యే ముందే బిగుసుకుంటాయి, బిగుసుకున్నందుకు ఇంకా నొప్పి. అలా ముదిరినవాళ్లకు ఆ కండరాలను వదులు చేయడం నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు.

ఇంకో పొరపాటు అందరూ చేసేది. లూబ్రికెంటు వేరు, మాయిశ్చరైజర్ వేరు. లూబ్రికెంటు ఆ పూటకు. మాయిశ్చరైజరును కలయిక ఉన్నా లేకున్నా వారానికి రెండు మూడుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు లోపల పెట్టుకోవాలి. తడిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆసిడ్ ఉన్నవి, పాలీకార్బోఫిల్ ఉన్నవి ఉంటాయి. నడిచినా, కూర్చున్నా ఒరుసుకుపోతోందనే వాళ్లకు ఇదే అసలు అవసరం. చాలామంది ఈ రెండింట్లో ఒకటే వాడి, గుణం కనపడలేదని రెండింటినీ మానేస్తారు. మాయిశ్చరైజర్ కొన్నా డబ్బా వెనక్కి తిప్పి చూడండి, అందులోనూ అవే పేర్లు దాక్కుని ఉండొచ్చు.

వీటితో సరిపోకపోతే డాక్టరు దగ్గర మంచి మందు ఉంది. యోనిలోనే పెట్టుకునే ఈస్ట్రోజెన్. క్రీములు, 10 మైక్రోగ్రాముల చిన్న మాత్రలు, మూడు నెలలు ఉండే రింగు, ఇలా దొరుకుతుంది. మాత్రలైతే మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. గుణం కొన్ని వారాలకు మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి మూడు నెలలు పట్టొచ్చు. మానేస్తే ఇబ్బంది మళ్లీ వస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు ముందు హార్మోను లేని పద్ధతులే వాడాలి. అవి చాలకపోతే, క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే ఈ మందు. యోనికి లేజర్ చేస్తాం, వయసు వెనక్కి తెస్తాం అనే ప్రకటనలకు డబ్బు పెట్టకండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే వాటి గురించి హెచ్చరించింది.

ఇదొక్కటి గట్టిగా చెబుతున్నాను. నెలసరి ఆగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, పొడి వల్లే ఒరుసుకుని వచ్చిందిలే అనుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. చాలాసార్లు కారణం చిన్నదే అయి ఉంటుంది. కానీ అది చూసి చెప్పాల్సింది మేము.

టైము అయిపోవస్తోంది. ఆవిడ సంగతి మధ్యలో వదిలేశాను కదూ. పాత ట్యూబు మానేయమన్నాను. వారానికి మూడుసార్లు మాయిశ్చరైజర్, కలయికకు సిలికోన్ రాసి పంపాను. ఆరు వారాలకు మళ్లీ వచ్చారు, ఈసారి భర్తతో. మంట పోయిందన్నారు. ఇంకా కొంచెం భయంగానే ఉందన్నారు. ఆయన అప్పటిదాకా నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. లేచేటప్పుడు, తలుపు దగ్గర, ఈసారి ఆయన ఆగారు.

"నేను చేయాల్సిందేమైనా ఉందాండీ?"

"తొందర పెట్టకండి. ఆవిడ ఆగమంటే ఆగండి. సీసా మూత మీరే తీయండి" అన్నాను.

ఆయన తలూపి, ఆవిడ చేతిలోంచి మందుల సంచీ తీసుకుని, సీసా బయటికి తీసి, వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టారు.

నమస్కారం.