ఢిల్లీలో ఒక సెమిస్టర్, మా ఊరి బోరు నీళ్ళు

స్టేజి మీదున్న సార్లకి, మేడమ్‌లకి, ఎండలో బస్సులెక్కి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇంటి దగ్గర తాగే నీళ్ళు ఒక బాటిల్లో తెమ్మని నోటీస్ బోర్డులో పెట్టించింది నేనే. ఎందుకో చివర్లో చెప్తా, అప్పటిదాకా ఎవరూ తాగేయబాకండి.

మాది ఉదయగిరి వైపు ఊరు. మా అవ్వకి యాభై దాటేసరికే నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల, కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాల. మా ఊళ్ళో దాన్ని జబ్బని ఎవరూ అనుకోలా, వయసు అనుకున్నారు. నా క్లాసులో సగం మందికి గారపళ్ళు, ఫోటో అంటే చాలు నోరు మూసుకునేవాళ్ళం. ఢిల్లీ గురించి చెప్పమంటే ఊరి గురించి మొదలుపెట్టిందేంది అనుకోబాకండి, నాకు ఢిల్లీలో దొరికింది మా ఊరే.

డిగ్రీలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ అని మన రాష్ట్రంలో పెట్టారు గదా, ఆ సెమిస్టర్ చాలామందికి ఎట్టా గడుస్తుందో మీకూ తెలుసు నాకూ తెలుసు. డబ్బులు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, రిపోర్టు సీనియర్ దగ్గర తీసుకుని పేరు మార్చడం. నాకు ఇది నిజంగా బాధ. మూడేళ్ళలో క్లాస్‌రూమ్ బయటికి పొమ్మని కాలేజీయే చెప్పేది ఆ ఒక్కసారే, దాన్ని కూడా అమ్ముకుంటే ఎట్టా చెప్పండి. నేను నలభై చోట్లకి మెయిల్ పెట్టా, ఇద్దరు జవాబిచ్చారు, అందులో ఒకటి ఢిల్లీలో నీటి విధానాల మీద పనిచేసే చిన్న ఆఫీసు, ఆరుగురే ఉంటారు. స్టైపెండ్ లేదన్నారు. మా నాన్న ఒక రాత్రంతా ఏమీ మాట్లాడలా, పొద్దున్నే లేచి గేదెని అమ్మే బేరం మాట్లాడొచ్చాడు.

2023 జనవరిలో నెల్లూరులో జీటీ ఎక్కితే రెండు రాత్రులు రైల్లోనే, మూడో రోజు తెల్లవారుజామున దిగా. ఆ జనవరిలో ఢిల్లీలో రెండు డిగ్రీల లోపుకి పడింది చలి, మన కావలి స్వెట్టర్ ఆ చలికి ఆగుతుందా. కరోల్ బాగ్‌లో ముగ్గురం ఒక రూమ్, ఇంకో ఇద్దరూ తెలుగు వాళ్ళే, సివిల్స్ కోచింగ్. అప్పుడు బస్సులో ఆడవాళ్ళకి పింక్ టికెట్ ఇచ్చేవాళ్ళు, డబ్బులు తీసుకునేవాళ్ళు కాదు, అది లేకపోతే నేను సగం ఢిల్లీ చూసేదాన్ని కాదు. ఆదివారం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్, అన్నం పప్పు గోంగూర అడిగినంత వేస్తారు, మొదటిసారి పోయినప్పుడు నోట్లో ముద్ద పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి నాకు. హిందీ నెల రోజుల్లో వచ్చేసింది, దానికి భయపడాల్సిన పని లేదు.

చదువు వదల్లేదు, ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పాఠాలు పెట్టే స్వయంలో రెండు కోర్సులు రాత్రిళ్ళు చేశా. లోధీ ఎస్టేట్‌లో ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ అని ఉంది, సాయంత్రాలు అక్కడ పెద్ద పెద్దవాళ్ళ లెక్చర్లు, చాలావాటికి ఎవరైనా పోయి కూర్చోవచ్చు, ఎవరమ్మా నువ్వు అని అడగరు. మన ఊళ్ళల్లో లేనిది అదే.

ఇక పని. మొదటి మూడు వారాలు పార్లమెంట్ ప్రశ్నలు ఎక్సెల్‌లో ఎక్కించడమే. అప్పటిదాకా పార్లమెంట్ అంటే టీవీలో అరుపులే అనుకునేదాన్ని. పద్ధతి ఏందంటే, ఎంపీలు కనీసం 15 రోజుల ముందు ప్రశ్న రాసిస్తారు, లాటరీ తీస్తారు, లోక్‌సభలో రోజుకి 20 ప్రశ్నలకి నక్షత్రం గుర్తు ఉంటది, వాటికి మంత్రి లేచి నోటితో చెప్పాల, పైన ఇంకో ప్రశ్న కూడా అడగొచ్చు. నక్షత్రం లేనివి రోజుకి 230, వాటికి రాతలో జవాబు. నేను ఒకరోజు పాస్ తెచ్చుకుని పాత గుండ్రటి బిల్డింగ్‌లో గ్యాలరీలో కూర్చున్నా, కొత్తది ఆ ఏడు మే 28నే గదా మొదలయింది. ఆ మార్చిలో సభ సాగిన రోజులు తక్కువ, నేను పోయిన రోజు కూడా పదకొండుకి మొదలై కొన్ని నిమిషాల్లో వాయిదా పడింది, మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఆఫీసుకి వచ్చి చూస్తే ఆ రోజు రాతపూర్వక జవాబులన్నీ వెబ్‌సైట్‌లో పెట్టి ఉన్నాయి. సభలో ఎంత గొడవైనా ఆ కాగితాలు మాత్రం వస్తూనే ఉంటాయి. వాటిని మనం చదవం, అంతే.

నా వంతుకి వచ్చింది తాగునీళ్ళలో ఫ్లోరైడ్, అది ఎక్కువైతే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. ఇరవై ఏళ్ళ ప్రశ్నలు చదివా. ఎవరు మంత్రి అయినా జవాబు చాలాసార్లు ఒకే వాక్యంతో మొదలవుతుంది, నీళ్ళు రాష్ట్రాల సబ్జెక్టు అని. కింద టేబుల్ ఉంటది, ఆంధ్రప్రదేశ్ అని ఒక వరస, పక్కన ఒక అంకె. మా అవ్వ ఆ అంకెలోనే యాడో ఉంది.

ఒకరోజు మా ఆఫీసు మేడమ్ నన్ను పిలిచి, నీది నెల్లూరు గదా, ఇది చదువు అని ఒక పాత స్కాన్ ఇచ్చింది. 1937 నాటి మెడికల్ జర్నల్ పేపర్. మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థని నడిపిన షార్ట్ అనే డాక్టరూ ఇంకో ముగ్గురూ మద్రాస్ ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఉందని రాశారు, మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బుని గుర్తించి రాసిన మొదటి పేపర్లలో అది ఒకటి, అది నెల్లూరు జిల్లా గురించి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు కిందే. మెడ తిరగని మనుషులు, బిగుసుకుపోయిన వెన్నులు, చదువుతుంటే చేతులు చల్లబడినాయి. మా అవ్వ పుట్టకముందే రాసిపెట్టారు మా అవ్వ జబ్బు గురించి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం పెడితే మొదట తీసుకున్న 5 జిల్లాల్లో కూడా నెల్లూరు ఉంది. ఢిల్లీకి మన గురించి తెలియక కాదండీ. తెలిసి ఎనభై ఏళ్ళు దాటింది, మనకే తెలియలా, మన అవ్వలకి ఎవరూ చెప్పలా.

ఏప్రిల్లో తిరిగొస్తూ ఆఫీసు వాళ్ళని అడిగి ఒక టెస్ట్ కిట్ తెచ్చుకున్నా. కొంచెం నీళ్ళు గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తది, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ అది పసుపుకి తిరుగుతుంది, కార్డు మీద రంగులతో పోల్చుకోవాల. లీటరుకి 1 మిల్లీగ్రామ్ లోపు ఉంటే మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. వాసన ఉండదు, చూస్తే తెలియదు, కాస్తే పోదు, కాస్తే నీళ్ళు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడతది, మా అమ్మ చంటిబిడ్డలకి కాచి చల్లార్చి పట్టేది అందుకే చెప్తున్నా.

మా ఊరికి కుళాయి ఉంది, కాగితంలో నీళ్ళు అందుతున్న ఊరే. మే నెలలో కుళాయి రాదు, అందరం వీధి చివర బోరుకే పోతాం. ఆ బోరు నీళ్ళు గొట్టంలో పోశా, మా అవ్వ గడప మీద కూర్చుని చూస్తా ఉంది. గులాబీ రంగు నిలవలా, నిమ్మకాయ పసుపు. అవ్వ అడిగింది, ఏందమ్మే, అది మంచిదా చెడ్డదా అని. నేను చెప్పా. చాలాసేపు ఊరుకుని, నీ చిన్నాయన కూతురికి పళ్ళు వచ్చేదాకానన్నా ఆ నీళ్ళు పట్టనీయబాకండి అంది.

ఆ తర్వాత ఆ నీళ్ళ టెస్ట్‌లో వచ్చింది కాగితం మీద పెట్టి ఎంపీ ఆఫీసుకి ఉత్తరం రాశాం, ఊరి పేరు, బోరు ఎక్కడుందో, ఏ తేదీన చూశామో అన్నీ వేసి. జవాబు ఇంకా రాలా, రెండోది రాశాం, మూడోది ఈ వారం పోతుంది. ఒక్క ఊరి కాగితం కంటే ముప్పై ఊళ్ళ కాగితం బరువు ఎక్కువ ఉంటది, అందుకే మిమ్మల్ని బాటిళ్ళు తెమ్మన్నా.

కిట్ ఇక్కడే టేబుల్ మీద ఉంది. బాటిల్ మీద ఊరి పేరు, బోరా కుళాయా ఆర్వో క్యానా రాసి ఒక్కొక్కరే రండి. వరికుంటపాడు, దుత్తలూరు వైపు వాళ్ళు ముందు రండమ్మా, మీ బస్సు నాలుగింటికే గదా.