రూలు అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం కొందరికే

[తెరపై: నోటీసు బోర్డు. ‘వచ్చే నెల నుంచి మొదటి క్లాసు ఉదయం 9కి బదులు 8:30కి. హాజరు ఫోన్ యాప్‌లోనే.’]

వాయిస్: ఈ నోటీసు మేం ఊహించి రాసింది, ఏ యూనివర్సిటీదీ కాదు. క్యాంపస్ మాత్రం నెల్లూరు దాటాక చెన్నై హైవే పక్కన ఉందనుకుందాం. చదివితే ఇందులో తప్పేముంది? కులం ఊసు లేదు, మతం ఊసు లేదు, ఆడామగా తేడా లేదు. అయినా దెబ్బ కొందరికే తగులుతుంది. దాన్ని ముందే పట్టే పద్ధతి పేరు సమానత్వ ప్రభావ మదింపు.

[తెరపై: పొదలకూరు నుంచి నెల్లూరు, అక్కణ్ణుంచి క్యాంపస్ దాకా మ్యాపు]

పొదలకూరు అవతల పల్లె నుంచి వచ్చే ఎమ్మెస్సీ అమ్మాయిని తీసుకోండి. తెల్లారకముందే లేచి పల్లెవెలుగు ఎక్కాలి, నెల్లూరులో దిగి ఇంకో బస్సు మారాలి. స్త్రీశక్తి పథకం వచ్చాక, అంటే 2025 ఆగస్టు 15 నుంచి, ఆమెకు ఛార్జీ లేదు. ఛార్జీ లేదని బస్సు అరగంట ముందొస్తుందా ఏంది? హాస్టల్ కుర్రాడికి ఈ మార్పుతో పోయేది అరగంట నిద్ర. ఈ అమ్మాయికి పోయేది హాజరు. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

ఇంక ఆ యాప్. చూపులేని విద్యార్థి ఫోన్‌లో తెరమీదిది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవగలదా? ఇంటికంతా ఒక్కటే స్మార్ట్‌ఫోన్ ఉండి, దాన్ని రొయ్యల గుంటల కాపలాకు పోయే నాన్న పట్టుకుపోతే ఆ పిల్లోడు హాజరు ఎట్లా వేయించుకుంటాడు?

నోటీసు రాసినాయనకు ఎవరిమీదా కోపం లేదు. ఆయన కళ్ల ముందు హాస్టల్ కుర్రాడే ఉన్నాడు, అంతే.

[తెరపై: 1993, 1999, 2000, 2010]

సంతకం పడకముందే ‘ఇది ఎవరిమీద ఎట్లా పడుతుంది’ అని పద్ధతిగా చూడటాన్ని సమానత్వ ప్రభావ మదింపు అంటారు. బ్రిటన్‌లో ఇది బాగా వేళ్లూనుకుంది. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి జాతి ద్వేషంతో చంపారు. పోలీసుల దర్యాప్తు తీరుపై 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక వచ్చింది. ఆ మరుసటి ఏడాదే చట్టం మార్చి, జాతి సమానత్వాన్ని పట్టించుకోవడం ప్రభుత్వ సంస్థల బాధ్యత చేశారు. 2010 ఈక్వాలిటీ యాక్ట్ ఆ బాధ్యతను వయసు, గర్భం, మతం లాంటి వాటికీ విస్తరించింది. అక్కడి యూనివర్సిటీలూ దాని కిందికే వస్తాయి.

అయితే అక్కడా ఇది ఫారం నింపే తంతుగా మారే ప్రమాదం ఉంది. 2008లో బ్రౌన్ కేసులో ఇంగ్లండ్ హైకోర్టు గట్టిగానే చెప్పింది: గళ్లలో టిక్కులు పెడితే చాలదు, నిర్ణయానికి ముందే తెరిచిన మనసుతో ఆలోచించాలి. నా లెక్కలో అసలు కీలకం ఆ ‘ముందే’ అన్న మాటలోనే ఉంది. నోటీసు అంటించాక చేసే మదింపు, పెళ్లయ్యాక జాతకాలు చూడటం లాంటిది.

[తెరపై: మన చట్టాలు]

మన దగ్గర ఏమీ లేదని కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వమంటుంది. 2012 యూజీసీ నిబంధనలు వివక్షపై ఫిర్యాదు చేసుకునే దారి చూపాయి. కానీ సీటు లోపలికి తెస్తుంది, ఫిర్యాదు దెబ్బ తగిలాక వస్తుంది. మధ్యలో టైంటేబుల్, ఫీజు గడువు, హాజరు రూలు... వీటిని ముందుగా ఎవరు జల్లెడ పడతారు?

[తెరపై: హాజరు పట్టిక, బస్సు టైములు పక్కపక్కన]

మన నోటీసుకే చేసి చూద్దాం. డే స్కాలర్లు ఏ మండలాల నుంచి వస్తున్నారో అడ్మిషన్ రికార్డులో ఉంటుంది. తొలి బస్సు ఎన్నింటికి చేరుతుందో డిపోలో చెబుతారు. తర్వాత ఆ అమ్మాయినీ, చూపులేని విద్యార్థినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. వాళ్ల బదులు ఇంకెవరో చెబితే కుదరదు. అప్పుడు తేలేది మహా అయితే ఇది: మొదటి గంటలో ల్యాబ్, పరీక్షలు పెట్టొద్దు, యాప్‌తో పాటు సంతకం రిజిస్టరూ ఉంచండి. ఖర్చు దాదాపు సున్నా. ఒక సెమిస్టర్ అయ్యాక ఎవరి హాజరు పడిపోయిందో మళ్లీ చూడాలి. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ పనే.

రూలు మార్చే ఉద్దేశమే లేకపోతే మాత్రం మదింపు జోలికి పోకండి. పిల్లల టైము వేస్టు.

[తెరపై: దరఖాస్తు కాగితం]

మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే, కొత్త రూలొచ్చినప్పుడు సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగొచ్చు. ప్రశ్న చిన్నదే: ‘ఈ నిర్ణయానికి ముందు ఏ విద్యార్థులతో మాట్లాడారు? ఆ మీటింగ్ మినిట్స్ కాపీ ఇవ్వండి.’ 30 రోజుల్లో జవాబివ్వాలి.