చెక్కిలికి చెక్క: స్కోపున్న ఎయిర్ రైఫిల్‌కు చీక్ రెస్ట్

నమస్కారమండీ. విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ, మా మేడ మీది నుంచి మాట్లాడుతున్నాను. వెనక హోరుమంటున్నది సముద్రపు గాలి. మైకుకు స్పాంజి తొడిగినా ఆగడం లేదు, కాస్త సర్దుకోండి.

బల్ల మీద ఉన్నది స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు, అంటే చిన్న గుళ్లు వేస్తుంది. ఇదిగో, గొట్టం మడిచి చూపిస్తున్నాను, లోపల ఏమీ లేదు. ఈ రోజు పనంతా ఖాళీ తుపాకీ మీదే. మనదేశంలో 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అక్కర్లేదని పావురాల మీదా పిట్టల మీదా గురి పెట్టే వాళ్లు దయచేసి ఈ వీడియో ఇక్కడే ఆపేయండి. నా గురి ఆ ఇనుప డబ్బాలో అంటించిన కాగితం. దాని వెనక మెట్ల గది గోడ.

ఇక విషయానికి వస్తాను, చీక్ రెస్ట్, అంటే కాల్చేటప్పుడు చెంప ఆనించుకునే దిమ్మ. రైఫిల్‌తో వచ్చిన ఇనుప సైట్లతో కాల్చినన్నాళ్లూ నాకు ఏ ఇబ్బందీ లేదు. స్టాక్, అంటే భుజానికి ఆనించే కర్ర భాగం, దాని మీద చెంప ఆనిస్తే కన్ను సరిగ్గా సైటు వెనకకు వచ్చేది. తర్వాత స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, బిగించాను. అప్పటి నుంచి మొదలైంది అవస్థ. స్కోపు మధ్య గీత పాత సైటు కన్నా 17 మిల్లీమీటర్లు పైన ఉంది, వెర్నియర్‌తో కొలిచాను. స్టాక్ మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది కదా. దాంతో చెంప ఆనించాల్సిన చోట గడ్డం ఆనిస్తూ, కొంగలా మెడ సాచి చూస్తున్నాను. పది సార్లు కాలిస్తే పది సార్లూ తల ఒక్కో చోట.

తల కాస్త కదిలితే ఏమవుతుంది, గీతల కూడలి గురి మీదే ఉంది కదా అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఎప్పుడైనా ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని స్పీడు మీటరు చూశారా? ఆయనకు ముల్లు 40 మీద ఉంటే మనకు 35 దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. ముల్లు ఒక చోట, దాని వెనక అంకెలు మరో చోట ఉండడం వల్ల వచ్చిన తేడా అది. స్కోపులో దీన్ని పారలాక్స్ అంటారు. దూరాన్ని బట్టి సర్దుకునే చక్రం లేని స్కోపులు చాలావరకు 100 గజాలకు, అంటే సుమారు 91 మీటర్లకు కుదిర్చి వస్తాయి. నేను కాల్చేది 10 మీటర్లు. ముందు అద్దం 40 మిల్లీమీటర్లున్న నా స్కోపులో, కన్ను పూర్తిగా ఒక అంచుకు జరిగితే 10 మీటర్ల దగ్గర తేడా దాదాపు 18 మిల్లీమీటర్ల వరకు రావచ్చు. ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 18 మిల్లీమీటర్లు పక్కకు పోయిందంటే పదికి బదులు మూడు వచ్చినట్టు. చేయి వణకలేదు, తుపాకీ తప్పు లేదు, తల ఒక్కటే కదిలింది.

2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచిందీ, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీలో స్కోపు పెట్టనివ్వరు. అయినా ఆ రకం పోటీ రైఫిళ్లలో చెంప ఆనించే భాగం మరలతో పైకీ కిందికీ జరుగుతుంది. మనం మాత్రం స్కోపు కోసం జేబు ఖాళీ చేసుకుని చెంపను గాలికి వదిలేస్తాం.

మొదట నేను కొన్నది ఈ నైలాన్ సంచి. స్టాక్‌కు తొడిగి పట్టీలు లాగి బిగించడమే. లోపల మూడు స్పాంజి ముక్కలుంటాయి, కావలసిన ఎత్తుకు పెట్టుకోవచ్చు. పేరు చెప్పను, పదిహేను వందలు పోశాను. ఎత్తు బాగానే వచ్చింది. చిక్కల్లా జారడం. నా స్టాక్ మీద నున్నటి వార్నిషు, పైన వైజాగ్ చెమట. స్ప్రింగు తుపాకీ ప్రతిసారీ మొదట వెనక్కి తన్ని, లోపలి పిస్టన్ కొట్టుకోగానే మళ్లీ ముందుకు తంతుంది. ఇరవై గుళ్లు అయ్యేసరికి సంచి కుడి వైపు ఒరిగి, తాగి పడుకున్నవాడి తలపాగాలా తయారైంది. కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పరిస్తే జారడం చాలావరకు తగ్గింది. ఈ సంచి ఇప్పటికే కొన్నవాళ్లు ముందు ఆ పని చేయండి. ఇంకో మాట, ఆట అయ్యాక సంచి విప్పేయండి. నేను వానాకాలంలో వారం రోజులు అలాగే వదిలేశాను. చెమ్మ పట్టి కింద వార్నిషు తెల్లగా పొంగింది, ఇదిగో ఈ మచ్చ అదే. తోలువి చూడముచ్చటగా ఉంటాయి కానీ మన ఊరి వానాకాలంలో బూజు తుడవడమే ఒక ఉద్యోగం. స్టాక్‌కు రంధ్రాలు వేసి మరలతో బిగించే రకమూ ఉంది. అన్నిటికన్నా గట్టిది అదే. నాకు డ్రిల్లు పెట్టడానికి చేయి రాలేదు.

చివరికి కుదిరింది పైసా ఖర్చులేని పద్ధతి. ఇంట్లో మూలన పడి ఉన్న 6 మిల్లీమీటర్ల యోగా చాపను స్టాక్ పై అంచు వెడల్పున ముక్కలుగా కోశాను. ఒకటి పెట్టడం, గుడ్డ పట్టీ చుట్టడం, చూడడం. చూసే పద్ధతే ఇందులో ప్రాణం, కాస్త దగ్గరగా చూడండి. ముందు స్కోపును ముందుకూ వెనక్కూ జరిపి కంటికి సరైన దూరంలో బిగించేయాలి. తర్వాత కళ్లు మూసుకోవాలి. తుపాకీ భుజానికి ఆనించి, చెంప ఎముక హాయిగా ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చోనివ్వాలి. బుగ్గ కండ కాదండీ, ఎముక. కండ మెత్తన, రోజుకో రకంగా నొక్కుకుంటుంది. ఇప్పుడు కళ్లు తెరవండి. స్కోపులో నిండు పున్నమిలా గుండ్రంగా కనిపిస్తే ఎత్తు కుదిరింది. ఒక అంచున నల్లటి నెలవంక కనిపిస్తే ఇంకా కుదరలేదు. తల జరిపి ఆ నెలవంకను పోగొట్టుకోకండి, పొర వేసో తీసో పోగొట్టండి. నాకు మూడు పొరలు పట్టాయి. లెక్కకు 18, చెంప బరువుకు అణిగి దాదాపు 16. పదిసార్లు కళ్లు మూసి తెరిచినా పున్నమే.

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ పట్టీలు చుట్టిన ఆ రూపం చూసి మా ఆవిడ "తుపాకీకి దెబ్బ తగిలిందా?" అని అడిగింది. అందుకని కంచరపాలెంలో నాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి గారి దగ్గరికి పట్టుకెళ్లాను. టేకు వేయమంటే ఆయన ఒప్పుకోలేదు. "బరువు బాబూ, అంకుడు కర్ర వేస్తాను" అన్నారు. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే, తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది. బొమ్మల మీద మెరిసే లక్క పూత కూడా వేయించుకుందామని నాకు ఆశ పుట్టింది. అది తిరిగే కర్ర మీద రాపిడి వేడికి లక్క కరిగితే పట్టే పూత, ఇలాంటి పలక ముక్కకు కుదరదని నవ్వేశారు. అవిసె నూనెతో సరిపెట్టుకున్నాను.

ఆయన పని చూసి తీరాలి. ముక్క అడుగు భాగం స్టాక్ వంపుకు అతుక్కోవాలి కదా. స్టాక్ మీద నీలిమందు పొడి పలచగా రుద్దారు. ముక్కను నొక్కి తీశారు. నీలం అంటిన చోటల్లా మిట్ట అన్నమాట, అక్కడ మాత్రమే ఉలితో గీరారు. మళ్లీ నొక్కడం, మళ్లీ గీరడం. ఏడెనిమిది సార్లయ్యాక అడుగంతా ఒకేలా నీలం అంటింది. తర్వాత పై అంచుకు ఉప్పు కాగితం. జిగురు వేయవద్దన్నాను. మధ్యలో పలచటి రబ్బరు, చుట్టూ సైకిల్ ట్యూబు కోసిన రెండు పట్టీలు, అంతే. అటూ ఇటూ ఊపుతున్నాను చూడండి, కదలదు.

ఇక కాగితాలు. పాతది ఇది, పది గుళ్లు. పది రూపాయల బిళ్ల పెడితే, అది 27 మిల్లీమీటర్లు, రెండు గుళ్లు బయటే ఉన్నాయి. ఇది చెక్క పెట్టాక కాల్చింది, అన్నీ బిళ్ల కింద దాక్కున్నాయి. సగానికి సగం తగ్గిందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. తగ్గింది కొద్దిగానే. అసలు లాభం ఏమిటంటే, కారణం తెలియకుండా ఎక్కడికో ఎగిరిపోయే ఆ ఒకటి రెండు గుళ్లు పోయాయి. మొదటి రోజు మాత్రం గుళ్లన్నీ ఎడమ పక్క పైకి వెళ్లాయి. కొత్త దిండు దొరికిందని తలంతా దాని మీద పడేశాను మరి. స్ప్రింగు తుపాకీ నొక్కుడును సహించదు. చెంపను తేలికగా, ప్రతిసారీ ఒకేలా ఆనించి, స్కోపును మళ్లీ జీరో చేసుకున్నాక, అంటే గీతల కూడలి ఉన్నచోటే గుండు పడేలా సర్దుకున్నాక, దారికి వచ్చింది.

నష్టాలూ ఉన్నాయి. ఇనుప సైట్లతో ఇక పని లేదు, కన్ను అంత కిందికి దిగదు. పైగా ఇది నా ముఖానికి చేసిన చెక్క. మొన్న మా తమ్ముడు గాజువాక నుంచి వచ్చి కాల్చబోతే నెలవంకే కనిపించింది. వాడిది పొడుగాటి ముఖం, చెంప ఎముక నుంచి కన్ను మరీ పైన ఉంటుంది. "ఇంత పని చేయించావు, నాకు పనికిరాకుండా చేశావేమిటన్నయ్యా" అని అలిగాడు. ఈ చెక్కనే ఇంకొంచెం చెక్కిస్తే నాకు పనికిరాదు, వాడి కోసం మేస్త్రి గారి దగ్గర ఎత్తు తక్కువది వేరే చేయించాలి. అప్పటిదాకా వాడు వచ్చినప్పుడు చెక్క తీసేసి, రెండు పొరల యోగా చాప కట్టి ఇస్తాను.