ఒకే ఇంట్లో రెండు రకాల కీళ్ళ నొప్పులు | చెన్నై వ్లాగ్

నమస్కారమండీ. సింగపూర్ నుంచి సెలవులకు చెన్నై వచ్చాము, వెస్ట్ మాంబళంలోని మా అత్తగారింట్లోనే ఉన్నాము. చీరల షాపింగ్ వీడియో పెట్టమని చాలామంది అడిగారు గానీ, టి.నగర్ ఎక్కడికీ పోదు కాబట్టి, ఈసారి కీళ్ళ నొప్పుల గురించి చెబుతాను. అత్తయ్యగారు, మామయ్యగారు ఇద్దరూ ఒప్పుకున్న తరువాతే కెమెరా తీశాను.

ఇద్దరికీ కీళ్ళ నొప్పులే కావడంతో, చూడవచ్చిన చుట్టాలు వయసు మీద పడింది కదా అని ఒక్క మాటలో తేల్చేసి, ఒకరి మాత్రలు మరొకరికి కూడా పనిచేస్తాయేమోనని సలహా ఇచ్చి వెళుతుంటారు. నిజానికి ఈ రెండూ వేర్వేరు జబ్బులు; వాటి కారణాలు వేరు, మందులు వేరు, చూపించుకోవలసిన డాక్టరు కూడా వేరు.

మామయ్యగారిది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని మనవాళ్ళు చెప్పేది. ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి ఏళ్ళ తరబడి దెబ్బతినడంతో మెట్లు దిగేటప్పుడు నొప్పి పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున్న పట్టేసిన కీలు అరగంటలోపే వదులవుతుంది. దీనికి అసలు మందు తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, బరువు తగ్గడం. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అందుకే ఆయన పానగల్ పార్కులో నడక మానలేదు. మోకాలి మార్పిడి ఆపరేషన్ సంగతి ఇవేవీ పనిచేయనప్పుడు ఆలోచించవలసినది.

అత్తయ్యగారిది రుమటాయిడ్ ఆర్థరైటిస్. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ, 30, 40 ఏళ్ళకు కూడా మొదలవుతుంది కాబట్టి దీనిని వయసు ఖాతాలో వేయడానికి వీలులేదు. మందు మొదలుపెట్టకముందు ఆవిడ ఆవిన్ పాల ప్యాకెట్ మూల కత్తిరించడానికి కత్తెరను రెండు చేతులతో పట్టుకుని నొక్కేవారు, కుక్కర్ మూత తీయడం మామయ్యగారి వంతుగా ఉండేది. రెండు చేతులలోనూ ఒకే చోట వాపు, ఎండ ఎక్కేవరకు వేళ్ళు ముడుచుకోకపోవడం ఈ జబ్బు గుర్తులు.

రుమటాలజిస్టు, అంటే ఇలాంటి కీళ్ళవాతం జబ్బులు చూసే డాక్టరు, ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, పిడికిలి బిగిస్తే పైకి తేలే కణుపుల వరుసను రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కగానే, అత్తయ్యగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "లేచాక వేళ్ళు వదులు కావడానికి ఎంతసేపు పడుతోందమ్మా?" అన్నది డాక్టరుగారి మొదటి ప్రశ్న. ఆ తరువాతే ఒంట్లో వాపు ఎంత ఉందో చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఈ జబ్బులో తరచుగా కనిపించే యాంటీబాడీలను వెతికే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు రాశారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో కూడా పాజిటివ్ రావచ్చు, జబ్బు ఉన్నవారిలో నెగెటివ్ రావచ్చు. కాబట్టి రిపోర్టు చూసి మనంతట మనమే తీర్పు చెప్పుకోవడం నాకు నచ్చని పని. ప్రైవేటు ఆసుపత్రి ఖర్చు భరించలేనివారికి సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది.

ఆవిడకు రాసిన ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దీనిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మామయ్యగారు గోడ మీది దినసరి క్యాలెండర్‌లో మంగళవారం కాగితాలన్నింటి మీద ముందుగానే ఎర్ర సున్నా చుట్టి పెట్టారు. దాని దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ మాత్ర మరొక రోజు. గుణం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చు, ఆ లోపు నొప్పి ఓర్చుకోవడానికి డాక్టర్లు కొద్దికాలం తక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇస్తారు. చాలామంది సరిగ్గా ఈ వారాలలోనే విసిగిపోయి, పేరు లేని పొట్లాల పొడికి మారుతుంటారు. అటువంటి పొడులు కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సంగతి పరీక్షల్లో బయటపడింది, రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేకపోతే అది యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల వచ్చే గౌట్ కావచ్చు. కుర్రవాళ్ళకు నెలల తరబడి నడుం నొప్పి ఉండి, విశ్రాంతితో పెరిగి, కదిలితే తగ్గుతుంటే వెన్నెముక కీళ్ళు వాచి బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌ను అనుమానించాలి. 2006లో చికున్‌గున్యా దక్షిణాదిని చుట్టేసినప్పుడు జ్వరం పోయాక కూడా నెలల తరబడి కుంటినవారు మన ఇళ్ళలోనే ఉన్నారు.

అత్తయ్యగారి జబ్బుకు మెథోట్రెక్సేట్ సరిపోకపోతే, రోగనిరోధక వ్యవస్థలో వాపు కలిగించే భాగాన్ని అణచే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి ఖరీదైనవి, పైగా మొదలుపెట్టే ముందు ఒంట్లో క్షయ దాగి ఉందేమో తప్పనిసరిగా చూస్తారు. అత్తయ్యగారికి ఇంతవరకు ఆ అవసరం రాలేదు. మెథోట్రెక్సేట్ వల్ల హాని జరుగుతోందేమో చూసే రక్తకణాలు, కాలేయం పరీక్షలకు మాత్రం ల్యాబ్ వాళ్ళు ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు, రిపోర్టు సింగపూర్‌లో మా ఫోన్‌కు కూడా వచ్చేలా నిన్ననే నంబరు నమోదు చేయించాము. ఆ మందు వికటించిందనడానికి గుర్తులు కాగల జ్వరం, నోటిపూత, పొడి దగ్గు, ఆయాసం వీటిలో ఏది కనిపించినా మా ఫోన్ కోసం ఎదురుచూడకుండా నేరుగా డాక్టరుకే ఫోన్ చేయమని ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.