ఇంటి నంబరుతో మొదలైన ప్రసంగం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో నల్లవాళ్ల సమాన హక్కుల పోరాటం అనగానే 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగం గుర్తొస్తుంది. గొప్ప ప్రసంగం, కాదనను. కానీ ఈ పది నిమిషాలూ నేను ఇంకొకరికి ఇవ్వాలనుకుంటున్నాను. ఆమె పేరు ఫ్యానీ లూ హేమర్.

మిసిసిపీ రాష్ట్రం. పత్తి చేలల్లో పాలికి పనిచేసే కుటుంబం. 20 మంది సంతానంలో ఆఖరి బిడ్డ. తనకు ఓటు హక్కుందని ఆమెకు తెలిసేసరికి 44 ఏళ్లు వచ్చాయి.

1964 ఆగస్టు 22. అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ. మిసిసిపీ తరఫున అందరూ తెల్లవాళ్లే ఉన్న బృందం వచ్చింది. మేమూ ఆ రాష్ట్రం వాళ్లమే, చోటివ్వండి అంటూ హేమర్, ఆమె తోటివాళ్లు వచ్చారు. ఎదురుగా ఎవరికి చోటివ్వాలో తేల్చే కమిటీ, టీవీ కెమెరాలు. ఆమె ఇలా మొదలుపెట్టింది: నా పేరు మిసెస్ ఫ్యానీ లూ హేమర్. 626, ఈస్ట్ లఫాయెట్ స్ట్రీట్, రూల్‌విల్‌లో ఉంటాను.

ఆ ‘మిసెస్’ దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఆ రోజుల్లో అక్కడి తెల్లవాళ్లు నల్లజాతి స్త్రీని మిసెస్ అని పిలిచేవారు కాదు. ఎంత పెద్దావిడైనా ఉత్త పేరే. ఎవరి పేరు చివర ‘గారు’ చేరుతుందో, ఎవరికి చేరదో చూస్తూ పెరిగినవాళ్లం. ఆ మాట బరువెంతో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ గౌరవాన్ని ఆమె ఎవరినీ అడగలేదు, తానే పెట్టుకుంది. ఇక ఇంటి నంబరు. చంపుతామని బెదిరింపులొస్తున్న మనిషి, దేశమంతా చూస్తుండగా తన ఇంటి నంబరు చెప్పింది!

తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయింది. 1962 ఆగస్టు 31న 18 మందిమి 26 మైళ్లు ప్రయాణం చేసి ఓటరుగా నమోదు కావడానికి ఇండియనోలా వెళ్లాం. తిరిగొస్తుంటే పోలీసులు ఆపారు. బస్సు రంగు సరిగ్గా లేదని డ్రైవరు మీద కేసు పెట్టారు. జరిమానా మేమే తలా కొంత వేసుకుని కట్టాం. ఇంటికొచ్చాక భూస్వామి, ఆ దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇక్కణ్ణుంచి వెళ్లిపో అన్నాడు. నేను నమోదుకు వెళ్లింది మీ కోసం కాదు, నా కోసం అన్నాను. ఆ రాత్రే ఇల్లు వదలాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది వినోనా జైల్లో తనను ఎలా కొట్టారో కూడా చెప్పింది. అది ఇక్కడ చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఆమె మాట్లాడుతుండగానే అధ్యక్షుడు జాన్సన్ హడావిడిగా విలేకరుల సమావేశం పెట్టారు. కెమెరాలు అటు తిరిగాయి. అయితే ఆ సాయంత్రం టీవీ వార్తల్లో ఆమె మాటలే వేశారు. దేశం అప్పుడు వింది.

ఆమె చివర్లో జాతీయ గీతంలోని మాటలే తీసుకుని అడిగింది. స్వేచ్ఛాజీవుల నేల, ధీరుల ఇల్లు, ఇదేనా అమెరికా? రోజూ చంపుతామంటుంటే, రాత్రిళ్లు ఫోన్ రిసీవర్ పక్కన తీసిపెట్టి పడుకోవాల్సిన చోటు ఇదేనా? బస్సు రంగు నుంచి ఫోన్ రిసీవర్ దాకా అన్నీ విన్నాక ఆ ప్రశ్న వస్తుంది. మొదట్లోనే అడిగి ఉంటే అది నినాదంలాగే వినిపించేదేమో. నాకలా అనిపిస్తుంది.

ఆ సభలో వాళ్లకు రెండు సీట్లు ఇస్తామన్నారు. వాళ్లు వద్దన్నారు. 1968లో షికాగో మహాసభలో హేమర్ ప్రతినిధిగా కూర్చుంది.

వింటున్నవాళ్లలో రేపు ఎవరికైనా అర్జీ రాసే పని పడవచ్చు, గ్రామసభలో లేచి మాట్లాడాల్సి రావచ్చు. ‘మాకు అన్యాయం జరిగింది’ అని మొదలుపెట్టకండి. మీ పేరు చెప్పండి, ఇంటి నంబరు చెప్పండి. ఏ తేదీన, ఎంతమంది, ఎంత దూరం వెళ్లారో చెప్పండి. అవతలివాళ్లు ఏమన్నారో ఆ మాటల్లోనే చెప్పండి. బస్సు ఏ రంగులో ఉందో గుర్తుంటే అదీ చెప్పండి.