నీళ్లు దొరికితే జీవం దొరికినట్టేనా? రొయ్యల గుంట గట్టు మీద నుంచి ఒక వివరణ

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను.

ఈ వీడియో చేయడానికి కారణం ఒక్కటే. "ఫలానా గ్రహం మీద నీటి ఆనవాళ్లు" అని పొద్దున ఒక వార్త వస్తుంది. సాయంత్రానికి అదే వార్త వాట్సాప్‌లో "గ్రహాంతరవాసులు దొరికారు" అయిపోతుంది. పక్కన ఆకుపచ్చ మొహం బొమ్మ ఒకటి. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే అసలు వెతుకులాట ఈ బొమ్మల కంటే వెయ్యి రెట్లు ఆసక్తిగా ఉంటుంది, అది మాత్రం ఎవరి చెవికీ చేరదు.

శ్రీహరికోట నుంచి 2008 అక్టోబర్ 22న వెళ్లిన చంద్రయాన్-1 సంగతి గుర్తుందా? దాని మీద ఉన్న పరికరం చంద్రుడి నేలలో నీటి అణువుల జాడ పట్టింది. 2009 సెప్టెంబర్‌లో ప్రకటించారు. నీటి జాడ ఉంది. జీవం ఉందా? లేదు. ఆ ఒక్క ఉదాహరణ చాలు, నీళ్లు వేరు, జీవం వేరు అని చెప్పడానికి. మరి శాస్త్రవేత్తలు వెతికేది దేని కోసం?

[తెర మీద: ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు, తిరుగుతున్న ఏరేటర్లు]

మన దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి కాబట్టి నేను గుంట గట్టు మీద నుంచే చెబుతాను. అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు వాళ్లకు డీఓ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఒక్క ముక్క: నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్.

గుంట ఎండగట్టారు, దున్నారు, నీళ్లు పెట్టారు, బ్లీచింగ్ వేశారు. గుంట నిండా నీళ్లే. అందులో రొయ్యలు ఉన్నాయా? పిల్ల వదలందే ఎక్కడి నుంచి వస్తాయి? నీళ్లు ఉన్నాయంటే పిల్ల వదలడానికి వీలుంది అని అర్థం, అంతే. వార్తల్లో "జీవానికి అనువైన గ్రహం" అని వినిపించినప్పుడల్లా ఈ నీళ్లు పెట్టిన ఖాళీ గుంటను గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు పంట మీద ఉన్న గుంట దగ్గరికి రండి. నీళ్లు పచ్చగా కలర్ తిరిగి ఉన్నాయి. ఆ కలర్‌కు కారణమైన ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, ఒక్కొక్కటి మన కంటికి కనిపించదు. కానీ చేతిలో డీఓ మీటర్ ఉంది. తెల్లవారుజామున పెట్టి చూస్తే రీడింగ్ బాగా తగ్గి ఉంటుంది. 4 పీపీఎం, అంటే పది లక్షల్లో నాలుగు వంతుల కన్నా కిందికి వస్తే రైతుకు టెన్షన్. అదే మధ్యాహ్నం మూడింటికి పెడితే రీడింగ్ పైకి పోయి ఉంటుంది. ఎందుకు? పగలు ఎండలో ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. ప్లాంక్టన్, రొయ్యలు, బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడేస్తాయి.

ఇంకో సంగతి. గాలిలోంచి నీళ్లలోకి కరిగే ఆక్సిజన్‌కు ఒక హద్దు ఉంటుంది. ఆ వేడికి, ఆ ఉప్పుకు ఇంతే అని లెక్క ఉంటుంది. బాగా కలర్ కట్టిన గుంటలో మధ్యాహ్నం మీటర్ ఆ హద్దు కూడా దాటిపోతుంది. అంటే గాలి ఒక్కటే ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ ఆక్సిజన్ అక్కడ ఉంది. ఎవరో లోపల తయారు చేస్తున్నారు. మీరు సూక్ష్మదర్శిని పెట్టలేదు, ఒక్క జీవిని కూడా చూడలేదు. అయినా ఇది బతికున్న గుంట అని చెప్పేయగలరు.

వేరే గ్రహాల మీద జీవం కోసం వెతకడం అంటే ఇదే. ఉండకూడనంత మోతాదులో ఒక వాయువు ఉందా? అది ఖర్చైపోతున్నా మళ్లీ మళ్లీ నిండుతోందా? నింపుతున్నది ఎవరు?

ఈ ఆలోచనను 1965లో జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త స్పష్టంగా ముందుకు తెచ్చారు. మన భూమినే తీసుకోండి. గాలిలో 21 శాతం ఆక్సిజన్. ఆక్సిజన్ ఊరికే ఉండే వాయువు కాదు. ఇనుమును తుప్పు పట్టిస్తుంది, రాళ్లతో కలిసిపోతుంది, అగ్నిపర్వతాల వాయువులతో కలిసిపోతుంది. చెట్లు, సముద్రపు ప్లాంక్టన్ పని మానేస్తే కొన్ని మిలియన్ల ఏళ్లలో అది దాదాపు అంతా ఖర్చైపోతుంది. భూమి వయసు ముందు అది ఎంత తక్కువ కాలమో చూడండి. ఇప్పుడు అదే గాలిలో మీథేన్ కూడా ఉంది, పది లక్షల్లో రెండు వంతుల లోపే. ఆక్సిజన్ ఉన్నచోట మీథేన్ పదేళ్లకు అటూ ఇటూ మాత్రమే నిలుస్తుంది. రెండూ ఒకేచోట ఇంతకాలంగా కనిపిస్తున్నాయంటే రెండింటినీ ఎవరో నింపుతూనే ఉన్నారు. ఆక్సిజన్‌ను మొక్కలు, మీథేన్‌ను చిత్తడి నేలల్లోని సూక్ష్మజీవులు, పశువుల పొట్టలు, మన వరి మళ్లు. మన పెన్నా డెల్టా వరి కూడా భూమి బతికే ఉంది అని ఆకాశానికి చెబుతోంది!

ఇది సరైన పద్ధతేనా అని పరీక్షించారు కూడా. ఈ రంగం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

[తెర మీద: గెలీలియో నౌక, దూరంగా భూమి]

బృహస్పతికి బయల్దేరిన గెలీలియో అనే నాసా నౌక, వేగం పుంజుకోవడానికి 1990 డిసెంబర్‌లో భూమి పక్క నుంచి వెళ్లింది. అప్పుడు కార్ల్ సేగన్, ఆయన సహచరులు ఒక పని చేశారు. ఇక్కడ జీవం ఉందని మనకు తెలియదు అనుకుందాం, ఈ నౌక పరికరాలు మాత్రమే చూసి జీవం ఉందో లేదో తేల్చగలమా? 1993లో ఫలితాలు ప్రచురించారు. బోలెడంత ఆక్సిజన్ కనిపించింది, దానితోపాటు ఉండకూడనంత మీథేన్ కనిపించింది. నేల మీద ఎర్రకాంతిని గట్టిగా పీల్చేసే పదార్థం ఏదో ఉందని తెలిసింది. అది మొక్కల్లోని పత్రహరితం. సహజంగా పుట్టే అవకాశం లేని రేడియో సంకేతాలు కూడా పట్టుకుంది. ఊళ్లు, రోడ్లు చూసి చెప్పింది కాదు ఇది. మీటర్ రీడింగ్ చూసి చెప్పిందే.

మన వాళ్లు కూడా ఇలాంటి పని చేశారు, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చంద్రయాన్-3 అనగానే విక్రమ్ దిగడమే గుర్తుకొస్తుంది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి లేచిన ఆ ప్రయోగంలో, విక్రమ్‌ను చంద్రుడి దాకా మోసుకెళ్లిన ప్రొపల్షన్ మాడ్యూల్ ఒకటి ఉంది. దాని మీద షేప్ అనే చిన్న పరికరం పెట్టారు. దాని పని చంద్రుడిని చూడటం కాదు, అక్కడి నుంచి భూమిని చూడటం. జీవం ఉన్న గ్రహం దూరం నుంచి ఎలా కనిపిస్తుందో రికార్డు చేసి పెట్టుకుంటే, రేపు వేరే గ్రహాల కాంతిని దానితో పోల్చుకోవచ్చు. నా దృష్టిలో షేప్‌కు పేపర్లలో మొదటి పేజీ రావాల్సింది.

సరే, దూరపు గ్రహాల రీడింగ్ ఎట్టా తీస్తారు? గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ నక్షత్రం కాంతిలో కొద్ది భాగం గ్రహం వాతావరణం గుండా మన దాకా వస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రకం రంగుల్ని మింగేస్తుంది. ఏ రంగులు తగ్గాయో చూస్తే ఏ వాయువులు ఉన్నాయో తెలుస్తుంది. 2021 డిసెంబర్ 25న వెళ్లిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చేసే పనుల్లో ఇదొకటి.

ఇక్కడే మోసపోయే అవకాశం ఉంది. మళ్లీ గుంట దగ్గరికి వద్దాం. రాత్రంతా ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు, తిరిగితే తెల్లారి డీఓ బాగానే ఉంటుంది. ఏరేటర్లు ఉన్నాయని తెలియనివాడు మీటర్ చూసి, ప్లాంక్టన్ భలే పనిచేస్తోంది అనుకుంటాడు. గ్రహాలకూ ఇలాంటి ఏరేటర్లు ఉన్నాయి. నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి నీటి ఆవిరిని విడగొడుతుంది. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి పారిపోతుంది, ఆక్సిజన్ మిగిలిపోతుంది. ఒక్క జీవి లేకుండానే ఆక్సిజన్! అందుకే ఒక్క వాయువును చూసి తీర్పు చెప్పకూడదు. ఆ నక్షత్రం ఎలాంటిది, పక్కన ఇంకే వాయువులు ఉన్నాయి, అన్నీ చూడాలి.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. గుంట అడుగున నల్లమట్టి పేరుకుంటుంది కదా. అందులో ఆక్సిజన్ ఉండదు. కాలు పెడితే కుళ్లిన గుడ్ల వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్, దాన్ని తయారు చేసేది బ్యాక్టీరియా. ఆక్సిజన్ లేకపోయినా అక్కడ జీవం నిండా ఉంది. మన భూమి కూడా చాలా కాలం అట్టాగే గడిపింది. కనీసం 350 కోట్ల ఏళ్ల క్రితం నుంచే ఇక్కడ జీవం ఉంది, గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైంది దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం. ఆ మధ్య కాలంలో ఎవరైనా బయటి నుంచి ఆక్సిజన్ కోసం చూసి ఉంటే, భూమి ఖాళీ గుంట అని రాసుకుని వెళ్లిపోయేవాళ్లు.

[తెర మీద: కే2-18బి ఊహాచిత్రం. "ఇది ఊహాచిత్రం" అని పెద్ద అక్షరాల్లో]

ఇప్పుడు 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వార్త. కే2-18బి అనే గ్రహం, మనకు 124 కాంతి సంవత్సరాల దూరం. బరువు భూమికి ఎనిమిది రెట్ల పైనే. అక్కడ మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని 2023లోనే చెప్పారు. రెండేళ్ల తర్వాత కేంబ్రిడ్జ్‌లో పనిచేసే నిక్కు మధుసూదన్ బృందం డైమిథైల్ సల్ఫైడ్ లేదా దాని దగ్గరి చుట్టం లాంటి అణువు కనిపించి ఉండవచ్చు అంది. భూమి మీద ఆ వాయువు ఎక్కువగా సముద్రపు ప్లాంక్టన్ నుంచే వస్తుంది కాబట్టి అందరి గుండెలూ వేగంగా కొట్టుకున్నాయి, నావి కూడా.

కానీ వాళ్లు చెప్పింది 3 సిగ్మా. అంటే కేవలం యాదృచ్ఛికంగా అలాంటి సంకేతం రావడానికి దాదాపు 0.3 శాతం అవకాశం. కనుక్కున్నాం అని ఖాయంగా చెప్పాలంటే 5 సిగ్మా కావాలి, ఆ బృందమే ఆ మాట చెప్పింది. ఒక్కసారి మీటర్ ముంచి తీసిన రీడింగ్ మీద ఏ రైతూ మందులు కొట్టడు. కడిగి మళ్లీ పెడతాడు, పక్కవాడి మీటర్ తెచ్చి చూస్తాడు. ఇక్కడా అదే జరిగింది. వేరే బృందాలు అదే సమాచారాన్ని తమ పద్ధతుల్లో చూసి, అంత బలమైన ఆధారం కనిపించడం లేదు అన్నాయి. పైగా ఈ డైమిథైల్ సల్ఫైడ్ 67పి అనే తోకచుక్కలోనూ కనిపించింది. తోకచుక్కలో ప్లాంక్టన్ లేదు కదా. ఈ వాదోపవాదాలను ఓటమిలాగా చూపించడం నాకు నచ్చదు. పద్ధతి సరిగ్గా నడుస్తోందనడానికి ఇదే గుర్తు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అంగారకుడు: అక్కడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్, రసాయనికంగా చాలావరకు స్థిమితంగా ఉంటుంది. మన మంగళయాన్ కూడా మీథేన్ సెన్సర్‌ను తీసుకెళ్లింది. క్యూరియాసిటీ రోవర్‌కు నేల మీద కొద్దికొద్దిగా మీథేన్ కనిపించింది, రుతువులతోపాటు పెరుగుతూ తగ్గుతూ. పైన తిరిగే యూరప్ ఉపగ్రహానికి ఏమీ కనిపించలేదు. ఈ తేడా ఇంకా తేలలేదు. పర్సెవరెన్స్ రోవర్ జెజెరో బిలంలో చుక్కలున్న ఒక రాయి నుంచి నమూనా తీసి పెట్టింది. సూక్ష్మజీవుల పని అయి ఉండవచ్చు అని 2025లో ప్రచురించారు. "ఉండవచ్చు" అనే మాట దగ్గర ఆగండి. ఆ నమూనా ఇంకా అంగారకుడి మీదే ఉంది.

ఎన్సెలాడస్, శని ఉపగ్రహం: మంచు పగుళ్ల నుంచి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. కాసిని నౌక వాటిలో హైడ్రోజన్ పట్టింది, ఆ సమాచారంలోనే తర్వాత ఫాస్ఫేట్లు దొరికాయి. అంటే సూక్ష్మజీవులు ఉంటే వాటికి మేత ఉంది. మేత తింటున్నవాళ్లు ఉన్నారా అన్నది తెలియదు.

యూరోపా, బృహస్పతి ఉపగ్రహం: 2024 అక్టోబర్ 14న బయల్దేరిన క్లిప్పర్ నౌక 2030 ఏప్రిల్‌లో బృహస్పతిని చేరాలి. యూరోపా మీద దిగదు, దగ్గరగా 49 సార్లు దాటుకుంటూ వెళ్తుంది. ఆ ప్రయోగం లక్ష్యం కూడా జీవాన్ని పట్టుకోవడం కాదు, ఆ మంచు కింది సముద్రం జీవానికి అనువైనదా కాదా అని చూడటం. పిల్ల వదలడానికి గుంట పనికొస్తుందా అని చూడటమే.

వైకింగ్ నౌకల సంగతి ఈ రోజు ఎత్తలేదు. 1976లో అంగారకుడి మట్టి మీద చేసిన పరీక్షల్లో ఒకటి అవును అన్నట్టు కనిపించింది, ఇంకోటి కాదంది. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే ఒక రకం ఉప్పును కనిపెట్టాక ఆ వాదన మళ్లీ మొదలైంది. దానికి ఒక వీడియో మొత్తం కావాలి, వచ్చే వారం అదే చేస్తున్నాను. నమస్కారం.