ఆధునికానికి వయసు మీరినప్పుడు

సభకు నమస్కారం.

‘ఆధునికం’ అన్న మాట సంస్కృతంలోని ‘అధునా’ నుంచి వచ్చింది. ఇప్పుడు, ఈ వేళ అని దాని అర్థం. లాటిన్‌లో దానికి సాటివచ్చే ‘మోడెర్నుస్’ కూడా ‘ఇప్పుడే’ అనే అర్థమున్న ‘మోదో’ నుంచే పుట్టింది. రెండు మాటల్లోనూ ఉన్నది కాలం. అయినా ఆధునిక భవనం అనగానే మనకు గాజు గోడలూ చదునైన పైకప్పూ కళ్ళముందు కదులుతాయి. ఆ ఆకారం స్థిరపడి దాదాపు నూరేళ్ళు కావస్తోంది. ‘ఇప్పుడు’ అని పేరు పెట్టుకున్నది నూరేళ్ళ ముసలిదైతే ఏం చెయ్యాలన్న చిక్కే ఈ ప్రసంగ విషయం.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. పారిస్ దగ్గరి సాన్ దెనీ మఠాధిపతి సూజే 12వ శతాబ్దంలో తన పాత చర్చికి చేర్పించిన భాగాన్ని ఆధునికమైన పనిగానే చెప్పుకున్నాడు. 1144లో ప్రతిష్ఠ జరిగిన ఆ భాగంలోని మొనదేలిన కమానులూ, సన్నని స్తంభాలూ, రంగుటద్దాల వెలుగూ ఆనాటి వారికి వింత. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఇటలీలో, ప్రాచీన రోమ్ పద్ధతులను అందిపుచ్చుకోవడమే ఆధునికమని నమ్మిన చిత్రకారుడూ కళాకారుల చరిత్రకారుడూ అయిన వసారి, ఆ తరహా కట్టడాలన్నిటినీ రోమ్‌ను కొల్లగొట్టిన గోత్ జాతివారి మోటు పనిగా ఈసడించాడు; ‘గోథిక్’ అన్న పేరు ఆ తిట్టులోంచి వచ్చిందే. 1834లో లండన్ పార్లమెంటు భవనం కాలిపోయినప్పుడు మాత్రం, కొత్తది గోథిక్ శైలిలో గానీ మొదటి ఎలిజబెత్ రాణి నాటి శైలిలో గానీ ఉండాలని షరతు పెట్టారు. ఒకే కమాను ఎవరు దేని పక్కన పెట్టి చూస్తే ఆ పేరు మోసింది.

పాతదాన్ని ఉన్నదున్నట్టు చూస్తున్నామన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. ప్రాచీన గ్రీకులు తమ శిల్పాలకు రంగులు వేసేవారు. శతాబ్దాల తర్వాత ఆ రంగులు పోగా మిగిలిన పాలరాతి తెల్లదనమే ప్రాచీన సౌందర్యమని ఐరోపా నమ్మింది. 1937-38లో బ్రిటిష్ మ్యూజియంలో, కొత్త గ్యాలరీకి డబ్బిచ్చిన కళావ్యాపారి డువీన్ ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయపు శిల్పాలు మరింత తెల్లగా కనబడాలని కోరుకోవడంతో, పనివాళ్ళు రాగి పనిముట్లతోనూ గరుకు పొడితోనూ వాటిని గీకారు. మురికితో పాటు, కాలం ఆ రాతికి తెచ్చిపెట్టిన తేనెరంగు పొర కూడా చాలాచోట్ల పోయింది. 20వ శతాబ్దపు అభిరుచికి సరిపోయే ప్రాచీనతను 20వ శతాబ్దంలోనే చేత్తో తయారుచేశారన్నమాట. చిత్రకళలో ఇది తిరగబడి జరిగింది: 1907లో చూసినవారిని బెదరగొట్టిన పికాసో ‘అవిన్యోన్ యువతుల’ ముఖాల్లో ప్రాచీన ఇబీరియా (నేటి స్పెయిన్ ప్రాంతం) శిల్పాల పోలికలున్నాయి.

నన్నడిగితే, భవనానికి అసలు గండం నడివయసే. కొత్తలో మోజు ఉంటుంది, బాగా పాతబడ్డాక గౌరవం ఉంటుంది, యాభయ్యో ఏట రెండూ ఉండవు. న్యూయార్క్‌లో 1910లో తెరిచిన పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ నగరంలో కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది 1965లో. ఢిల్లీలో రాజ్ రేవల్ రూపకల్పన చేసిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాల 1972లో పూర్తయింది. ఉక్కు ఖరీదైనది కావడంతో, ఉక్కుతో అల్లవలసిన జాలకాన్ని అక్కడికక్కడే కాంక్రీటులో పోతపోశారు. అరవై ఏళ్ళు నిండని కట్టడాలను వారసత్వంగా లెక్కలోకి తీసుకోబోమని పరిరక్షణ సంఘం నిర్ణయించడంతో 2017 ఏప్రిల్‌లో అది నేలమట్టమైంది. ముసలితనం చాలలేదన్నది ప్రాణం మీదికి రావడం భవనాలకే చెల్లింది.

జర్మన్ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె 1929 బార్సిలోనా ప్రదర్శన కోసం కట్టిన పెవిలియన్‌ను (ప్రదర్శన మందిరాన్ని) మరుసటి ఏడే విప్పేశారు. యాభై ఏళ్ళకు పైగా నలుపు తెలుపు ఫొటోల్లోనే బతికిన దాన్ని, 1983-86 మధ్య అదే చోట మళ్ళీ కట్టారు. అక్కడి ఒనిక్స్ రాతి గోడ ముందు నిలబడినవారు చూస్తున్నది 1929 నాటి కొత్తదనాన్నా, 1986 నాటి జ్ఞాపకాన్నా అన్న ప్రశ్నకు జపాన్‌లోని ఇసే ఆలయంలో అసలు చోటే లేదు. ఆ ఆలయాన్ని 20 ఏళ్ళకొకసారి కొత్త కలపతో పక్క స్థలంలో తిరిగి కడతారు. వాళ్ళకు పాతది చెక్క కాదు, చెక్కను అతికే తీరు. 2013 నిర్మాణంలో ఉలి పట్టడం నేర్చుకున్న కుర్ర వడ్రంగి, 2033లో జరగవలసిన దానికి మరొకరికి నేర్పే వయసులో ఉంటాడు.